జేసన్ సీరియలైజేషన్‌లో క్లాసుల నమోదు (పాస్కల్)

పాస్కల్ ప్రోగ్రామింగు భాషలో క్లాసుల నమోదు అనగా, ఏ పేరు ఏ క్లాసుకు చెందినదో ప్రోగ్రాము నడిచే సమయంలో తెలిసేలా ముందుగానే ఒక పట్టికలో చేర్చి ఉంచడం. మెమరీలోని ఆబ్జెక్టును జేసన్ పాఠ్యంగా వ్రాయడాన్ని సీరియలైజేషన్ అని, ఆ పాఠ్యం నుండి ఆబ్జెక్టును తిరిగి నిర్మించడాన్ని డీసీరియలైజేషన్ అని అంటారు. నమోదు అవసరం ముఖ్యంగా రెండవ దానిలో కలుగుతుంది.

నేపథ్యం

పాస్కల్ భాషను నిక్లాస్ విర్త్ 1970లో ప్రకటించాడు. క్లాసులు గల ఆబ్జెక్ట్ పాస్కల్, బోర్లాండ్ సంస్థ 1995లో విడుదల చేసిన డెల్ఫీ ద్వారా బాగా వ్యాపించింది. ఫ్రీ పాస్కల్ దీనికి చాలావరకు అనుకూలమైన స్వేచ్ఛా కంపైలరు.

అవసరం

జేసన్‌లో సంఖ్యలు, అక్షరమాలలు, జాబితాలు వంటివి ఉంటాయి గాని, క్లాసు అనే భావన లేదు. ఉదాహరణకు, కొల్లేటి ప్రాంతంలోని పెదపాడులో చెరువుల లెక్కలు చూసే ఒక ప్రోగ్రామును ఊహించవచ్చు. అందులో "చెరువు" మూల క్లాసు. "చేపల చెరువు", "రొయ్యల చెరువు" దాని నుండి వచ్చిన క్లాసులు. రెండు రకాలూ ఒకే జాబితాలో ఉంటే, తిరిగి చదివేటప్పుడు ఏది ఏ రకమో తెలియదు. అందుచేత ప్రతి ఆబ్జెక్టుతో పాటు దాని క్లాసు పేరును కూడా వ్రాస్తారు. చదివేటప్పుడు ఆ పేరును నమోదు పట్టికలో వెదకి, దొరికిన క్లాసుతో ఆబ్జెక్టును సృష్టిస్తారు.

విధానం

డెల్ఫీ, ఫ్రీ పాస్కల్‌లలోని "క్లాసెస్" యూనిట్‌లో ఇందుకు "రిజిస్టర్‌క్లాస్" ఉంది. ఇది "టీపర్సిస్టెంట్" నుండి వచ్చిన క్లాసులకు మాత్రమే పనిచేస్తుంది. పేరు దొరకనప్పుడు "గెట్‌క్లాస్" శూన్య విలువను ఇస్తుంది. "ఫైండ్‌క్లాస్" దోషాన్ని లేవనెత్తుతుంది. మార్మాట్ లైబ్రరీలో ఇదే పనికి "రిజిస్టర్‌క్లాస్‌ఫర్‌జేసన్" అనే పద్ధతి ఉంది. సాధారణంగా యూనిట్ చివర ఉండే "ఇనీషియలైజేషన్" భాగంలో నమోదు చేస్తారు. ఎక్కడా వాడని క్లాసును లింకరు తొలగించే అవకాశం ఉంది. నమోదు చేస్తే ఆ క్లాసు ప్రోగ్రాములో నిలుస్తుంది.

జాగ్రత్తలు

* క్లాసు పేరు మార్చితే, పాత పేరుతో భద్రపరచిన సమాచారం చదవడానికి వీలుపడదు. "రిజిస్టర్‌క్లాస్‌ఏలియాస్" ద్వారా పాత పేరును కూడా చేర్చి దీనిని నివారించవచ్చు.
* వేర్వేరు యూనిట్లలో ఒకే పేరు గల రెండు క్లాసులను నమోదు చేయబోతే డెల్ఫీ దోషాన్ని చూపుతుంది.
* మూల క్లాసు కన్‌స్ట్రక్టరు "వర్చువల్" కాకపోతే, పట్టిక ద్వారా సృష్టించినప్పుడు ఉపక్లాసు కన్‌స్ట్రక్టరు నడవదు. దాని లోపలి జాబితాలు ఏర్పడకుండా మిగిలిపోతాయి.
* బయటి నుండి వచ్చే జేసన్‌లోని క్లాసు పేరును నేరుగా నమ్మరాదు. అవసరమైన క్లాసులను మాత్రమే నమోదు చేస్తే, ఆ పట్టికే అనుమతి జాబితాగా కూడా ఉపకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

* పాస్కల్
* డెల్ఫీ
* జేసన్