మాట రాసిన మనిషి – గొల్లపూడి మారుతీరావు



మనలో ఎవరైనా సినిమా చూసొస్తే ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న "ఎవరు వేశారు?" అని. రెండోది "పాటలు బాగున్నాయా?" అని. "మాటలు ఎవరు రాశారండీ?" అని అడిగేవాళ్ళు నూటికి ఒకరుంటే గొప్ప. కానీ పది రోజులైనా మన నోట్లో నానేది ఆ మాటలే. పిల్లలు అన్నం తింటూ అప్పజెప్పేదీ ఆ మాటలే. అందుకని ఈ వేళ, మన ఉత్తరాంధ్రలో పుట్టి, నాటకంలో పెరిగి, రేడియోలో రాటుదేలి, సినిమాకు వెళ్ళిన ఒక రచయిత గురించి ముచ్చటించుకుందాం. ఆయన గొల్లపూడి మారుతీరావుగారు.

"ఆయనా! ఆయన నటుడు కదూ?" అంటారు మీరు. నిజమే. కానీ ముఖానికి రంగు వేసుకునే నాటికి ఆయనకు నలభై దాటాయి. అంతకు ముందు పాతికేళ్ళకు పైగా ఆయన చేతిలో ఉన్నది కలమే.

ఆయన 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. విజయనగరం అంటే మనకు గురజాడవారి ఊరు. 1892లో "కన్యాశుల్కం" మొదటిసారి ప్రదర్శించింది ఆ ఊళ్ళోనే. ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే భాష రంగస్థలం ఎక్కితే జనం ఎలా చెవులప్పగించి వింటారో తెలుగువాళ్ళకు రుచి చూపించిన నాటకం అది. ఆ గాలి పీల్చిన కుర్రవాడు చదువుకు విశాఖపట్నం వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది గణిత భౌతికశాస్త్రం. మనసు మాత్రం నాటకం మీద. బళ్ళారి రాఘవగారి మీది అభిమానంతో చిన్నవయసులోనే "రాఘవ కళానికేతన్" అని ఒక నాటక సంఘం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి నాయుడుగారికి నాటకమంటే ప్రాణం. పాఠాలతో పాటు నాటకాన్నీ పోషించిన పెద్దమనిషి ఆయన. లెక్కలు చదివే కుర్రవాడు నాటకాలు రాస్తే ముచ్చటపడే పెద్దలు ఉండడం ఎంత అదృష్టమో, పిల్లలున్న మనకు చెప్పనక్కర్లేదు.

చదువయ్యాక 1959లో ఆంధ్రప్రభ దినపత్రికలో ఉపసంపాదకుడిగా చేరారు. 1962లో చైనా మన సరిహద్దు మీదికి వచ్చినప్పుడు "వందేమాతరం" అనే నాటకం రాశారు. ఆ తర్వాత ఆకాశవాణి ఉద్యోగం. హైదరాబాదు, విజయవాడ, కడప ఇలా ఊళ్ళు తిరుగుతూ ఇంచుమించు ఇరవై ఏళ్ళు రేడియోలో పనిచేశారు.

ఈ రేడియో సంగతి దగ్గర కాస్త ఆగుదాం. అప్పుడప్పుడు మైకు ముందు కూర్చునే దాన్ని కనుక నాకు తెలిసిన ముక్క చెబుతాను. రంగస్థలం మీద నటికి పట్టుచీర ఉంటుంది, కళ్ళకు కాటుక ఉంటుంది, వెనకాల తెర ఉంటుంది. రేడియోలో ఇవేవీ లేవు. గొంతు ఒక్కటే. వాక్యం పొడుగైతే చదివేవారికి ఊపిరి అందదు, వినేవారికి అర్థం అందదు. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించేస్తుంది. పైగా వినే ఆవిడ ఏం చేస్తోందో తెలుసా? పప్పు పోపు పెడుతోంది. చంటివాడికి నీళ్ళు పోస్తోంది. ఆ పనుల మధ్య ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగేలా చెయ్యాలంటే మాట సూటిగా తగలాలి. అలాంటి చోట ఇరవై ఏళ్ళు ఉన్నవాడికి ఏ మాట నిలుస్తుందో, ఏ మాట గాలిలో కలిసిపోతుందో చెవికే తెలిసిపోతుంది. మారుతీరావుగారి కలానికి అసలు బడి అదేనని నా నమ్మకం.

ఇక సినిమా. ఆయన మొదటి చిత్రం 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి". ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వం, అక్కినేని, సావిత్రి. ఆ కథ ఎక్కడిదనుకున్నారు? మన కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణం" నవల! దానికి స్క్రీన్‌ప్లే రాసినవారిలో మారుతీరావుగారు ఒకరు. ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టిన ఆ ఏడే ఉత్తమ చిత్రంగా బంగారు నంది దానికి వచ్చింది.

స్క్రీన్‌ప్లే అంటే ఏమిటని అడుగుతారేమో. నవలలో నాయిక బాధ నాలుగు పేజీలు రాయొచ్చు. మనం మధ్యాహ్నం పూట పడుకుని చదువుకుంటాం, కళ్ళు తుడుచుకుంటాం. తెర మీద ఆ నాలుగు పేజీలూ ఒక చూపులోనో, ఒక తలుపు మూతలోనో, రెండు ముక్కల మాటలోనో ఇమడాలి. ఏది ముందు చూపించాలి, ఏది దాచాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి అని లెక్కవేసి రాసేదే అది. గంపెడు చింతపండులోంచి చారుకు సరిపడా పులుసు తీయడం లాంటిది.

తర్వాత కె. విశ్వనాథ్‌గారి మొదటి చిత్రం "ఆత్మగౌరవం". దాని కథ మారుతీరావుగారు, యద్దనపూడి సులోచనారాణిగారు కలిసి అల్లినది. చూశారా, ఆయన సినిమా జీవితం మొదట్లోనే ఇద్దరు రచయిత్రులున్నారు. మనం వారపత్రికల కోసం ఎదురుచూసి చదివిన కథలు సినిమాకు పునాదిరాళ్ళయ్యాయి. ఆడవాళ్ళు కాలక్షేపానికి రాసుకుంటారని తేలిగ్గా అనేవాళ్ళకు ఈ రెండు పేర్లూ చెప్పండి.

1982లో "ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య" వచ్చింది. కోడి రామకృష్ణగారికి దర్శకుడిగా అది మొదటిది. మారుతీరావుగారికి నటుడిగా అది మొదటిది. వేసింది మంచివాడి వేషమేమీ కాదు. అయినా జనం ఆయన్ను వదల్లేదు. అక్కణ్ణుంచి రెండువందల యాభైకి పైగా చిత్రాలు. 1987 నాటి "సంసారం ఒక చదరంగం"లో తండ్రిగా ఆయన్ని చూసి, ఇంటి మధ్య గీత గీసుకున్న ఆ కుటుంబాన్ని చూసి కళ్ళు చెమర్చని ఇల్లాలు ఉండదు. అయితే నటన పెరిగిన కొద్దీ ఆయన రచయిత అన్న సంగతి వెనక్కు వెళ్ళింది.

అది మరుగున పడకూడదంటే "కళ్ళు" గుర్తుపెట్టుకోవాలి. ఆయన రాసిన నాటిక అది. అందులో గుడ్డి బిచ్చగాళ్ళు ఒకరికొకరు తోడుగా బతుకుతుంటారు. వాళ్ళలో ఒకడికి చూపు వస్తుంది. చూపుతో పాటు స్వార్థమూ వస్తుంది. కళ్ళు లేనప్పుడు కనిపించిన తోటివాడు, కళ్ళొచ్చాక కనిపించడు. ఎంత చిన్న కథ, ఎంత పెద్ద దెబ్బ! ఎం.వి. రఘుగారు 1988లో దీన్ని సినిమాగా తీశారు, అదీ మన విశాఖపట్నంలోనే. మా పరవాడ చుట్టుపక్కల ఊళ్ళలో కూడా కాస్త కలిగినవాడు వెనక్కి తిరిగి చూడకపోతే "కళ్ళు నెత్తికెక్కాయి" అంటాం కదండీ. ఆ మాటకు రూపం కడితే ఈ నాటిక అవుతుంది.

ఈ విశాఖ సముద్రమే ఆయనకు తీరని శోకమూ పెట్టింది. ఆయన కొడుకు శ్రీనివాస్ దర్శకుడిగా "ప్రేమపుస్తకం" అనే తొలి చిత్రం తీస్తూ, 1992 ఆగస్టు 12న ఈ తీరంలోనే షూటింగులో ప్రాణం పోగొట్టుకున్నాడు. కన్నకడుపుకు అంతకన్నా కోత ఉందా? మారుతీరావుగారు ఆ సినిమాను తానే పూర్తిచేశారు. 1993లో విడుదలైంది. కొడుకు సగంలో వదిలిన వాక్యాన్ని తండ్రి ముగించాడు. అంతటితో ఊరుకోలేదు. దేశంలో ఏ భాషలోనైనా తొలి చిత్రం బాగా తీసిన దర్శకుడికి కొడుకు పేరిట బహుమతి నెలకొల్పారు. ఆమీర్ ఖాన్ అందుకున్నది కూడా ఈ బహుమతే. తన బిడ్డ చేరలేకపోయిన గడప మీద మరొకరి బిడ్డకు హారతి పట్టడమంటే ఇదేకదా!

"జీవన కాలమ్" పేరుతో ఏళ్ళ తరబడి పత్రికలో రాశారు. ఆత్మకథకు "అమ్మ కడుపు చల్లగా" అని పేరు పెట్టుకున్నారు. 2019 డిసెంబరు 12న చెన్నైలో కన్నుమూశారు.

ఆయన వేషాలు టీవీలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి, వాటికి బెంగలేదు. నాటికల సంగతే దిగులు. ఆడేవాళ్ళు లేకపోతే నాటిక అచ్చుకాగితమై అల్మరాలో ఉండిపోతుంది. అందుకని నాదొక విన్నపం. ఈ సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఒక నాటిక తలా ఒక వేషం పంచుకుని పైకి చదివించండి. తెర వద్దు, రంగు వద్దు. బాబయ్యకు ఒక వేషం, అత్తగారికి ఒక వేషం ఇవ్వండి. ఈసారి సినిమా మొదలవగానే వంటింట్లోకి వెళ్ళకుండా "మాటలు" అని పేరు పడేదాకా ఆగండి. ఆ పేరు పైకి చదవండి. రచయితకు మనం ఇవ్వగల తాంబూలం అదే.

సెలవు.