ఉప్పుమడి, కొఠారు, పన్ను: కృష్ణా–గోదావరీ తీరంలో లవణోత్పత్తి

కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు దానిలోకి తెచ్చిన నీటిని బంగాళాఖాతానికి చేర్చే ప్రవాహానికి మాత్రం జనం పెట్టిన పేరు ‘ఉప్పుటేరు’. పోటు సమయంలో సముద్రజలం ఈ ఏటిలోకి ఎగదన్నుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల మాగాణి వరినీ, సరస్సు చేపనూ ఇచ్చాయి. ఆ చేపను ఎండబెట్టడానికీ, ఊరగాయ నిలవ చేయడానికీ కావలసిన ఉప్పు మాత్రం తీరం నుంచే రావాలి. తెలుగువారి చరిత్ర రచనలో ఉప్పు ప్రస్తావన సాధారణంగా 1930తో మొదలవుతుంది. అంతకు ముందటి ఉప్పురైతు కథను పరిశీలించకపోతే ఆ సత్యాగ్రహానికున్న అర్థం పూర్తిగా బోధపడదు.

తీరంలోని ఉత్పత్తి విధానం ఎండనూ నేలనూ నమ్ముకున్నది. చదును చేసి, తొక్కి గట్టిపరచిన మళ్ళలోకి ఉప్పునీటిని పారిస్తారు. నీరు ఒక మడి నుంచి మరొక మడికి మారుతూ చిక్కబడుతుంది. చివరి మడిలో పేరుకున్న ఉప్పును గోకి గట్లపై కుప్పలు పోస్తారు. వానలు రాకముందే పని ముగియాలి. ఇది కాక, చవుటినేలల మట్టిని నీటిలో కలిపి వడకట్టి, ఆ నీటిని కాచి ఉప్పు తీసే పద్ధతి లోతట్టు ప్రాంతాలలో ఉండేది. ఉప్పర కులనామమే ఆ వృత్తికి సాక్ష్యం.

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చింది. రైతు పండించిన ఉప్పంతా సర్కారు కొఠారుకే చేరాలి. అతనికి దక్కేది ‘కుడివరం’ అనే నిర్ణీత ప్రతిఫలం మాత్రమే. అమ్మకపు ధర గరిసెకు 70 రూపాయలతో మొదలై 1809లో 105కు పెరిగింది. 1844లో 180కి పెంచి, అనంతరం 120కి తగ్గించారు. సర్కారు లెక్కలో గరిసె 120 మణుగులు; అంటే మణుగు రూపాయి. తరువాత రైతే ఉప్పు పండించి పన్ను చెల్లించే ఎక్సైజు విధానం ప్రవేశించింది. 1882లో మణుగుకు రెండు రూపాయలుగా ఉన్న పన్ను 1888లో రెండున్నర అయింది. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ఈ నియంత్రణను మరింత బిగించింది. చవుటిమట్టి నుంచి ఉప్పు తీయడం నేరమైంది.

గమనించదగిన విషయం ఇక్కడే ఉంది. గుత్తాధికారం ఉప్పుమడిని నిర్మూలించలేదు. మడిలోని నైపుణ్యాన్ని ఉంచుకొని, పంటపై రైతుకున్న హక్కును తీసివేసింది. కాలువలు విస్తరించి రవాణా సులభమైనా, పన్ను భారం వల్ల ఆ లాభం సామాన్యుని వంటింటికి పూర్తిగా చేరలేదు.

ఈ నేపథ్యంలో 1930 ఏప్రిల్‌లో దండి అనంతరం తెలుగు తీరంలో జరిగిన ఉల్లంఘనను చూడాలి. దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులు ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. సత్యాగ్రహులు కుండలో ఉప్పునీటిని కాచిన ప్రక్రియ కొత్తది కాదు. నేరంగా మారిన ఒక పాత వృత్తికి అది బహిరంగ పునరుచ్చారణ. 1931 మార్చి నాటి గాంధీ–ఇర్విన్ ఒడంబడిక తీరగ్రామాల వారికి సొంత వాడకానికి ఉప్పు చేసుకొనే వెసులుబాటు ఇచ్చింది. 1947లో పన్ను రద్దయింది.

సత్యాగ్రహుల పేర్లు చరిత్రలో నిలిచాయి. కుడివరం పుచ్చుకొన్న ఉప్పురైతుల పేర్లు నిలవలేదు. గరిసె, కొఠారు, కుడివరం వంటి మాటలలోనైనా వారి జీవితపు ఆనవాళ్ళను వెదకడం తెలుగు పరిశోధన బాధ్యత.