దీర్ఘవ్యాధులపై గ్రామీణ పరిశోధన

మధుమేహ పరిశోధన అంటే నగర ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షించడమే కాదు. మెదక్ వంటి ప్రాంతాలకు పల్లెల్లో ఏళ్ల తరబడి సాగే పరిశీలనే ఎక్కువ అవసరం. దీనికి దగ్గరి తార్కాణం హైదరాబాదు చుట్టుపక్కల గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన అధ్యయనం. 1987-90 మధ్య 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఒక పథకం కింద అదనపు ఆహారం అందింది. మరో 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ కాలంలో పుట్టిన 1,165 మందిని 2003-05లో, కౌమారంలో పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. అంతకన్నా ముఖ్యం, వారిలో మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ. ధమనుల బిగువూ తక్కువే. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి.

గ్రామాలను చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి తేడా ఆహారం వల్లేనని ఎలా చెప్పగలమన్న అభ్యంతరం సబబైనదే. రక్తపోటులో, కొవ్వుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ మాటా దాచకూడదు. అయినా ఒకే ప్రాంతపు ఊళ్ల మధ్య పదేళ్లు దాటాక కూడా నిలిచిన తేడాను కొట్టిపారేయలేం. 2016లో జిల్లా కేంద్రమై, 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల పొందిన మెదక్ తన అంగన్‌వాడీ రికార్డులతో ఇలాంటి పరిశీలన మొదలుపెట్టాలి.