అన్నము పిమ్మట అక్షరము

తైత్తిరీయోపనిషత్తునందు భృగువు బ్రహ్మమును మొదట అన్నముగానే ఎఱిగెను. పిమ్మటనే ప్రాణ మనో విజ్ఞానములను దాటి ఆనందమును చేరెను. క్షుధార్తుడైన బాలుని విద్యకును ఇదియే క్రమము.

ఆంధ్రదేశమున ఈ క్రమమును శిలపై నిలిపినది మల్కాపుర శాసనము. శా.శ. 1183 (క్రీ.శ. 1261)లో కాకతీయ రుద్రమదేవి కృష్ణాతీరమునందలి మందడమును, వెలగపూడిని గోళకీమఠాచార్యులైన విశ్వేశ్వర శివాచార్యులకు ధారవోసెను. ఆ ఆదాయముతో ఆలయము, మఠము మాత్రమే కాక విద్యాశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము నడచునట్లు వారు కట్టడి చేసిరి. వేదాధ్యయనమునకు నాటి ఆచారము గిరి గీసినను, అన్నమునకు గిరి లేదు. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు ఏ వేళ వచ్చినను అన్నము పెట్టవలెనని శాసనాశయము.

అట్టి ఆధారములు సడలిన కాలమున ఏమయ్యెనో 1823 నాటి బళ్లారి కలెక్టరు కాంబెల్ నివేదిక తెలుపును. 9 లక్షలకు మించిన జనమునకు 533 పాఠశాలలు. విద్యార్థులు 6,641 మంది. లేత చేతులు చిన్నపనికి పనికివచ్చినంతనే పేదలు బిడ్డలను పనికి పెట్టుకొనవలసివచ్చుచున్నదని ఆయన వ్రాసెను. బడి లేకపోలేదు, బడికి పంపి బ్రదుకు మార్గమే లేదు.

సత్రములు క్షీణించిన పిమ్మట ఆ భారమును కొంత గృహిణులు వహించిరి. వారములు చేసికొని చదివిన బాలునకు ఏడు గడపలే ఏడు సత్రములయ్యెను. ఆకొన్న బాలునకు పెట్టిన ముద్దయే ప్రథమ విద్యాదానము.