బయోచార్ ప్రమాణాలు: బామ్ని ప్రాంతం

పంట వ్యర్థాలను చాలీచాలని గాలిలో కాల్చి, నేలలో వేయడానికి తయారుచేసే బొగ్గే బయోచార్. వంటబొగ్గు పొయ్యిలోకి పోతుంది, ఇది మట్టిలోకి. మట్టిలో కలిపాక మళ్లీ ఏరి తీయలేం కాబట్టి ప్రమాణాలన్నీ అంతకు ముందు జరగాల్సిన పరీక్షల గురించే.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్ పక్కనే ఉంది బామ్ని. వార్ధా నది దాటితే రాజురా. అది 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది. ఆసిఫాబాద్ వైపు నుంచి నల్లరేగడి పత్తిచేలు ఇక్కడిదాకా పరుచుకుని ఉంటాయి. ఏరడం అయ్యాక పత్తికట్టెను చేలోనే తగలబెట్టడం మామూలే. వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుంటుంది కనుక రైతును తప్పుపట్టలేం. ఈ కట్టెనే బొగ్గు చేసే పద్ధతిని హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) ఇనుప డ్రమ్ము బట్టీతో పరీక్షించింది. పత్తితోపాటు ఆముదం, కంది, మొక్కజొన్న కట్టెలనూ కాల్చి చూసింది.

ఇది బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న జిల్లా. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్‌ను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇక్కడ ముడిసరుకు శుభ్రతను ముందుగా చూడాలి. గని బొగ్గు పొడి, థర్మల్ బూడిద బయోచార్ కావు. కలిపితే అది కల్తీ. రంగు వేసిన కలప, ప్లాస్టిక్ కలిసిన చెత్త కూడా పనికిరావు.

ప్రపంచంలో ఎక్కువగా వాడే రెండు ప్రమాణాలూ 2012లోనే వచ్చాయి: అంతర్జాతీయ బయోచార్ ఇనిషియేటివ్‌ది ఒకటి, యూరోపియన్ బయోచార్ సర్టిఫికెట్ మరొకటి. హైడ్రోజన్‌కూ సేంద్రియ కర్బనానికీ మధ్య పరమాణు నిష్పత్తి 0.7 మించకూడదని రెండూ అంటాయి; మించితే కట్టె సరిగా బొగ్గు కానట్టే. తారులో ఉండే పీఏహెచ్ అనే విష రసాయనాల దగ్గర మాత్రం దారులు వేరు. యూరోపియన్ వ్యవసాయ శ్రేణిలో పరిమితి కిలోకు సుమారు 6 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ ఇనిషియేటివ్ ప్రమాణంలో 6 నుంచి 300 దాకా అనుమతి ఉంది. తిండి పండే నేలకు 300 మరీ ఉదారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం వంటి లోహాలకూ హద్దులున్నాయి.

ల్యాబు అందుబాటులో లేని రైతుకు కళ్లూ చేతులే కొలమానం. శంకువు ఆకారపు గుంతలోనో తొట్టిలోనో ఎండుకట్టెను పొరలు పొరలుగా వేస్తారు. పైపొర మీద తెల్లని బూడిద కనబడగానే తర్వాతి పొర పడాలి. పైన మంట ఎడతెగకుండా ఉంటే పొగ అందులోనే కాలిపోతుంది. కట్టె పచ్చిదైతే పొగ లేస్తుంది, మీథేన్ కూడా వెలువడుతుంది. చివర్లో నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి, లేకపోతే కుప్ప లోపల నిప్పు మళ్లీ రాజుకోవచ్చు. తయారైన బొగ్గు విరిస్తే టంగుమనాలి. చేతికంటిన మసి నీళ్లతోనే పోవాలి; సబ్బు కావలసి వచ్చిందంటే తారు మిగిలిందని అర్థం. పొడి బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కాబట్టి తడిపాకే చల్లాలి.

బయోచార్ వేస్తే దిగుబడి పెరుగుతుందన్న మాటను నేలను బట్టి తూచాలి. 2017లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో ఉష్ణమండల పొలాల్లో సగటున 25 శాతం పెరుగుదల కనబడింది, సమశీతోష్ణ మండలంలో కనబడలేదు. ఆ లాభంలో పెద్దపాలు ఆమ్ల నేలల పులుపు విరగడం వల్ల వచ్చింది. పత్తికట్టె బొగ్గు క్షారగుణం కలది, రేగడి నేలా సాధారణంగా క్షారం వైపే ఉంటుంది. కనుక ముందు మట్టి పరీక్ష చేయించి, చిన్న మడిలో వేసి చూడాలి. పచ్చి బొగ్గు నత్రజనిని పట్టేసుకుంటుంది కాబట్టి పేడనీళ్లలోనో కంపోస్టులోనో నానబెట్టాకే చేలో వేయాలి. కలుపు మందును కూడా అది పీల్చుకుని పని చేయనివ్వదు.

నేలలో నిలిచే కర్బనానికి డబ్బు తెచ్చే కర్బన క్రెడిట్ల లెక్క వేరు. 450–600 డిగ్రీల దగ్గర చేసిన బయోచార్ కర్బనంలో 80 శాతం వందేళ్ల తర్వాతా మిగులుతుందని వాతావరణ మార్పులపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ 2019 మార్గదర్శకాలు లెక్కగట్టాయి. 2025 జనవరిలో గూగుల్ మన దేశానికే చెందిన వరాహ సంస్థ నుంచి లక్ష టన్నుల క్రెడిట్లు కొనడానికి ఒప్పందం చేసుకుంది. డబ్బు కనబడిన చోట కట్టె కోసం అడవి మీద పడే ప్రమాదమూ ఉంటుంది. తాడోబా అడవులున్న జిల్లాలో ఇది ఉత్తి భయం కాదు. అందుకే కట్టె ఏ చేనుది, ఎంత బొగ్గు వచ్చింది, ఏ మట్టిలో కలిపారు అన్నవన్నీ నమోదు కావాలి. ఆ బొగ్గు ఇటుక బట్టీకో టీకొట్టు పొయ్యికో పోతే దాని మీద క్రెడిట్ రాదు.