హుంచాకియన్ పార్టీ

సోషల్ డెమొక్రాట్ హుంచాకియన్ పార్టీ ఆర్మేనియన్ల పాత రాజకీయ పార్టీలలో ఒకటి. 1887లో జెనీవాలో ఏడుగురు విద్యార్థులు దీన్ని స్థాపించారు. అవేతిస్ నజర్బెకియన్, తరువాత ఆయనను పెళ్లాడిన మరియం వర్దానియన్ వారిలో ముఖ్యులు. అందరూ రష్యా ఏలుబడి నుంచి వచ్చినవారే, కలిగిన ఇళ్ల బిడ్డలే. వారు విడిపించాలనుకున్నది మాత్రం ఒట్టోమన్ సుల్తాను చేతిలోని ఆర్మేనియాను. అక్కడ వారిలో ఎవరూ బతికి ఎరుగరు.

సిద్ధాంతంలో రెండు అంచెలున్నాయి. మొదటిది తుర్కీ ఆర్మేనియాకు స్వాతంత్ర్యం, ఆపైన రష్యా, పర్షియాలలోని ఆర్మేనియన్ ప్రాంతాలను కూడా కలుపుకొని సమాఖ్య గణతంత్రం. రెండోది, దూరపు గమ్యం, సోషలిజం. సార్వత్రిక ఓటు హక్కు, పత్రికా స్వేచ్ఛ, నిర్బంధ విద్య, ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను కార్యక్రమంలో ఉన్నాయి. ప్రచారం, ఆందోళన, సంఘటన అనే పద్ధతుల పక్కనే హింసాత్మక దాడులను కూడా దాపరికం లేకుండా రాసుకున్నారు. రష్యన్ విప్లవకారుల ప్రభావం ఇందులో స్పష్టం. పార్టీ పత్రికకు పెట్టిన ‘హుంచాక్’ అనే పేరు సైతం రష్యన్ రచయిత హెర్జెన్ పత్రిక ‘కోలోకోల్’ను అనుసరించిందే. రెండు మాటలకూ అర్థం గంటే.

నిర్మాణం కేంద్రీకృతం. ఐరోపాలోని కేంద్రం నుంచి పత్రికా, ఆదేశాలూ వెళ్లేవి. ఒట్టోమన్ పట్టణాల్లో శాఖలు రహస్యంగా పనిచేసేవి. 1890లో కాన్‌స్టాంటినోపుల్‌లోని కుంకాపులో ప్రదర్శన, 1894లో సాసూన్ తిరుగుబాటు, 1895 సెప్టెంబరులో సుల్తాను ప్రభుత్వ కార్యాలయమైన బాబ్ అలీకి వినతిపత్రంతో ఊరేగింపు ఈ యంత్రాంగం నడిపినవే. 1878 బెర్లిన్ సంధిలో సంస్కరణల హామీ ఉంది కాబట్టి అలజడి రేగితే ఐరోపా రాజ్యాలు కలగజేసుకుంటాయని అంచనా. ఆ రాజ్యాలు ఒత్తిడి తెచ్చాయి గానీ, 1894-96లో ఆర్మేనియన్ల ఊచకోతలను ఆపలేదు.

దెబ్బ తిన్నాక నింద సోషలిజం మీద పడింది. ఆ మాట వినే ఐరోపా ప్రభుత్వాలు బెదిరిపోయాయని ఒక వర్గం వాదించి, 1896లో చీలిపోయి ‘సంస్కరిత హుంచాక్’గా ఏర్పడింది. వాదన పూర్తిగా నమ్మదగింది కాదు. బ్రిటన్, రష్యాల పరస్పర అనుమానాలు అంతకన్నా పెద్ద అడ్డంకి. చీలిక వర్గంలో ఒక భాగం 1921లో రామ్‌గవర్ పార్టీలో కలిసింది.

1908 ఒట్టోమన్ రాజ్యాంగ విప్లవం తరువాత పార్టీ బహిరంగంగా పనిచేసింది. సాసూన్ నాయకుడు మురాద్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1913లో రొమేనియాలోని కాన్‌స్టాంట్సా మహాసభలో మళ్లీ రహస్య మార్గం పట్టింది. ఈ నిర్ణయం గురించి పాలకులకు సమాచారం అందింది. 1915 జూన్ 15న కాన్‌స్టాంటినోపుల్‌లో పార్టీ నాయకుడు పరమాజ్‌తో సహా 20 మందిని ఉరితీశారు.

ఆ తరువాతి హుంచాక్ ప్రధానంగా ప్రవాసుల పార్టీ. బేరూత్‌లో ‘అరరాద్’, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ‘మాసిస్’ పత్రికలు, క్రీడలకు హోమెన్‌మెన్ సంఘం దాని అండలు. లెబనాన్ పార్లమెంటులో ఆర్మేనియన్లకు కేటాయించిన సీట్ల కోసం దష్నాక్, రామ్‌గవర్ అనే ఇతర ఆర్మేనియన్ పార్టీలతో పోటీపడుతూ వచ్చింది. స్వతంత్ర ఆర్మేనియాలో మాత్రం అది ఇప్పటికీ చిన్న పార్టీయే.