వెయ్యి తులాల బిళ్ల

రాజురా నుంచి ఆసిఫాబాద్‌కు పోయే దారిలో, మహారాష్ట్ర అయిపోయి తెలంగాణ మొదలయ్యే చోట లక్కడ్‌కోట్ ఉంటుంది. పేరుకు కట్టెల కోట. 1956 నవంబరు 1 దాకా రాజురా తాలూకా అంతా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోదే. ఆ రోజు సరిహద్దు గీత మారింది. మనుషులు మారలేదు, సందుగల్లోని సామానూ మారలేదు. ఇక్కడి పాత ఇళ్లలో ఇత్తడి చెంబుల కింద, చినిగిన పట్టు చీర మడతల్లో అడపాదడపా ఒక లోహపు బిళ్ల బయటపడుతుంటుంది. అప్పుడు నడిచే మాటలను ఊహించి రాస్తున్నాను. ఈ ప్రాంతం తెలిసినవాళ్లకు ఆ ఊహ కొత్తగా ఏమీ అనిపించదు.

“అవ్వా, గీ బిళ్లేంది? మన రూపాయి లెక్క లేదు.”

“మీ తాత దాసిపెట్టిండు బిడ్డా. దేవుని బిళ్ల కావచ్చు. పండుగకు పసుపు బొట్టు పెడుతుంటి.”

“దీని మీద మసీదున్నది గదనే!”

“మసీదు గాదే పిల్లా, చార్మినార్. మా చిన్నప్పుడు సర్కారు రూపాయల మీద గదే ఉంటుండె.”

అవ్వ రెండో మాటే సరైనది. అది హాలీ సిక్కా, నిజాం సర్కారు సొంత రూపాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మహబూబ్ అలీ ఖాన్ హయాంలో దాని మీదికి చార్మినార్ బొమ్మ వచ్చింది. ఇలాంటి బిళ్లను గుర్తుపట్టడానికి ఒక చిన్న కిటుకు ఉంది. చార్మినార్ నడిమి కమాను కింద, తలుపు ఉండాల్సిన చోట, ఒక అక్షరం కనిపిస్తుంది. ‘మీమ్’ ఉంటే మహబూబ్ కాలంది, అంటే 1911కు ముందుది. ‘ఐన్’ ఉంటే ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ది. పక్కన హిజ్రీ సంవత్సరం ఉంటుంది. వెనక వైపు ‘జర్బ్’ అన్న మాట, ఆ తర్వాత టంకశాల పేరు ఉంటాయి. ఉర్దూ రాకపోయినా భూతద్దం పట్టుకుని ఆ ఒక్క అక్షరాన్ని పోల్చుకోగలిగితే తాత దాచిన బిళ్ల కాలం తేలిపోతుంది. ఇంగ్లీషువాళ్ల ఆరు రూపాయలకు హాలీ రూపాయలు ఏడు ఇచ్చేవాళ్లు. నిజాం రాజ్యం 1948 సెప్టెంబరులో పోయినా, ఈ సిక్కా చెల్లుబాటు 1959 దాకా నడిచింది.

ఇక అదే నిజాం ఇంటి సందుగ సంగతికి వద్దాం. ఆ ఇంటి వారసత్వ సొత్తులోనూ ఒక లోహపు బిళ్ల ఉండేది. దాని సైజు మాత్రం వేరు.

1987లో యూరప్‌లోని మన అధికారుల నుంచి ఢిల్లీకి ఒక కబురు అందింది. నవంబరు 9న జెనీవాలోని హోటల్ మోగాలో హాబ్స్‌బర్గ్ ఫెల్డ్‌మన్ అనే వేలం సంస్థ ఒక బంగారు నాణేన్ని అమ్మకానికి పెడుతోందని దాని సారాంశం. వ్యాసం 20.3 సెంటీమీటర్లు, బరువు 11,935.8 గ్రాములు. మన జొన్నరొట్టె అంత వెడల్పు, పన్నెండు కిలోలకు కాస్త తక్కువ బరువు. దాన్ని నాణెం అనడానికి నోరు రాదు. జేబులో పట్టదు, బజారులో చిల్లర దొరకదు.

ఆ బరువును ఒకసారి మన కంసాలి లెక్కలో చూడండి. ఇంగ్లీషువాళ్లు 1833లో స్థిరపరిచిన తులం 11.66 గ్రాములు. ఆ తులంతో లెక్కిస్తే ఈ బిళ్ల 1,023 తులాలు తూగుతుంది. అదేదో అడ్డదిడ్డపు అంకె. ఏ రాజూ 1,023 తులాల నాణెం కొట్టించడు. కానీ జహంగీరు కాలపు తులం కొంచెం బరువైనది, పన్నెండు గ్రాములకు దగ్గర. ఆ లెక్కన చూస్తే అంకె చక్కగా వెయ్యికి వచ్చి కూర్చుంటుంది. తెలియని లోహపు వస్తువు చేతికొస్తే ముందు తూచాలని నాణేల వాళ్లు ఎందుకంటారో ఇక్కడ అర్థమవుతుంది. అక్షరాలు అరిగిపోవచ్చు, బొమ్మ చెరిగిపోవచ్చు. తూకం మాత్రం ఏ కొలతతో పుట్టిందో ఆ కొలతనే చెబుతుంది.

ఈ బిళ్ల మీద అక్షరాలు కూడా అరగలేదు. పారసీలో పాదుషా జహంగీరు పేరు, ఆగ్రా టంకశాల, హిజ్రీ 1022 సంవత్సరం. మన లెక్కలో 1613. జహంగీరుకు నాణేలంటే మహా సరదా. గద్దెనెక్కగానే ఒక్కో తూకానికి ఒక్కో పేరు పెట్టాడు. వంద తులాలది నూర్ షాహీ, యాభైది నూర్ సుల్తానీ, ఇరవైది నూర్ దౌలత్, పదిది నూర్ కరమ్. ‘కౌకబె తాలె’, అంటే అదృష్ట నక్షత్రం అని పిలిచిన భారీ మొహర్లు (బంగారు నాణేలు) వీటికి పైన. ఇరాన్ షా అబ్బాస్ పంపిన రాయబారి యాద్గార్ అలీకి అలాంటి మొహరు బహూకరించినట్టు జహంగీరే తన ఆత్మకథ తుజుక్‌లో రాసుకున్నాడు. ఇవి బజారు కోసం కొట్టినవి కావు. పాదుషా గొప్పను ఎదుటివాడి రెండు చేతుల్లో బరువుగా పెట్టడానికి కొట్టినవి.

మనం చెప్పుకుంటున్న వెయ్యి తులాల మొహరు నిజాముల ఖజానాకు వచ్చింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరిలో చనిపోయాక గద్దె మనవడు ముకర్రం జాకు దక్కింది. రాజ్యం లేని గద్దె అది. ఉన్నదల్లా లెక్కకు అందని సొత్తు, దాని చుట్టూ అల్లుకున్న కోర్టు కేసులు. హైదరాబాదు రాజభవనాలు విడిచి ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని కాపురం పెట్టాడు. బుల్‌డోజర్ నడపడమంటే ప్రాణమట. జెనీవాలో వేలానికి పెట్టింది ఆయన తరఫున వచ్చిన మొహరే.

సీబీఐ విచారణకు దిగింది. చేతిలో ఉన్న ఆయుధం 1972 నాటి పురావస్తు చట్టం. నూరేళ్లు దాటిన నాణెం ఆ చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు తప్ప ఇంకెవరికీ లేదు. అలాంటి బంగారం దేశం ఎలా దాటింది? అధికారులు కాగితాలు తిరగేశారు, తుజుక్ తిరగేశారు. మొహరు పుట్టుక, ఊరు, పేరు, ఇంటిపేరు అన్నీ తేలాయి.

ఆ తర్వాత మొహరు జనం కంట పడలేదు.

2022లో దాని ఆచూకీ వేట మళ్లీ వార్తల్లోకి వచ్చింది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు షేర్వానీ దక్కన్ అధ్యయన కేంద్రం దాని చరిత్రను తవ్వి తీసింది. మరుసటి సంవత్సరం జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. దేహాన్ని హైదరాబాదులోని మక్కా మసీదులో పూర్వీకుల పక్కన ఖననం చేశారు. నాకు ఈ కథలో వింతగా తోచేది ఒకటే. దశాంశం దాకా బరువు తెలిసిన నాణెం కనిపించడం లేదు. పేరు కూడా తెలియని నాణెం మాత్రం లక్కడ్‌కోట్ సందుగలో క్షేమంగా ఉంది. షాజహాన్ కొట్టించిన 200 మొహర్ల నాణెం కూడా ఇలాగే కనిపించకుండా పోయింది. దాన్ని చివరిసారి పట్నాలో చూశారు. ఇప్పుడు మిగిలింది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ప్లాస్టర్ అచ్చొక్కటే.

మళ్లీ మన అవ్వ దగ్గరికి వద్దాం. మనవరాలు ఆ బిళ్లను అవుసలాయన త్రాసు మీద పెట్టిందనుకోండి. టంకశాల నుంచి బయటికొచ్చిన రోజున హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, పాతవాటిలో వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. ఇన్నేళ్ల చేతుల రాపిడికి త్రాసు కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ తగ్గిన మిల్లీగ్రాములే అది సంతలో తిరిగిన దూరం. అదృష్ట నక్షత్రానికి ఆ అరుగుడు లేదు, పాపం.

“మస్తు నల్లబడ్డది. చింతపండు పెట్టి తోమనా బిడ్డా?”

“వద్దవ్వా. తోమితే అక్షరాలు పోతయి. గట్లనే ఉండనీ.”

అవ్వ బిళ్లను చీర కొంగుతో ఒక్కసారి అద్ది, మళ్లీ ఆగింది.

“మరి పండుగకు పసుపు బొట్టన్న పెట్టొచ్చునా?”